అమెరికా మొదటి జాతీయ క్రీడ గుర్రప్పందెమేనా?

శ్రీధర్_కె:
అమెరికా జాతీయ క్రీడ ఏదంటే అందరూ బేస్‌బాల్ అంటారు. అంతకుముందే ఆ దేశం ఊగిపోయింది గుర్రప్పందేలతో అని నా వాదన. 1823 మే 27న లాంగ్ ఐలాండ్‌లోని యూనియన్ కోర్స్ ట్రాక్‌లో ఉత్తరాది తరఫున అమెరికన్ ఎక్లిప్స్, దక్షిణాది తరఫున సర్ హెన్రీ అనే గుర్రాలు తలపడ్డాయి. ఒక్కో పక్షం 20,000 డాలర్లు ఒడ్డింది. ఒక్కో పరుగు నాలుగు మైళ్లు, మూడింట్లో రెండు గెలవాలి. మొదటిది హెన్రీ కొట్టేసింది, తర్వాత రెండూ తొమ్మిదేళ్ల ఎక్లిప్స్‌వి. 60,000 మంది వచ్చారట. దీన్ని జాతీయ క్రీడ అనకపోతే ఇంకేమంటారు?

వాణి_పి:
60,000 ఎవరు లెక్కపెట్టారండీ?

శ్రీధర్_కె:
అప్పటి అంచనా అది. పోనీ సగమే అనుకోండి, అప్పటికి అది కూడా మామూలు జనం కాదు. 1938లో పిమ్లికో ట్రాక్‌లో సీబిస్కట్, వార్ ఆడ్మిరల్ అనే గుర్రాలు తలపడితే దాదాపు 4 కోట్ల మంది రేడియోల ముందు కూర్చున్నారు.

వాణి_పి:
అదీ అంచనాయే. లెక్క అడిగితే ఇంకో లెక్క చెప్తారేంటి?

కిరణ్77:
పరుగెత్తేది గుర్రం, పేరు యజమానికి. రాజుల కాలం నుంచీ ఇంతేగా.

నాడా_రఫీ:
కిరణ్ గారూ, యజమానుల మాట సరే, స్వారీ చేసిందెవరు? 1875లో కెంటకీ డెర్బీ అనే పేరున్న పందెం మొదటిసారి జరిగినప్పుడు 15 మంది జాకీల్లో 13 మంది నల్లజాతి వాళ్లు. గెలిచిన గుర్రం అరిస్టైడిస్ మీద ఉన్నది ఆలివర్ లూయిస్, దానికి శిక్షణ ఇచ్చిన ఆన్సెల్ విలియమ్‌సన్ బానిసగా పుట్టినవాడు. ఐజాక్ మర్ఫీ మూడు డెర్బీలు గెలిచాడు. జిమ్మీ వింక్‌ఫీల్డ్ 1901, 1902 వరసగా గెలిచి కూడా అమెరికాలో స్వారీలు దొరక్క రష్యా వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ జాతీయ క్రీడలో వీళ్లని ఒక తరం తిరక్కుండానే ట్రాక్ మీద నుంచి తరిమేశారు. జాతి అంటే మరి ఎవరు శ్రీధర్ గారూ?

శ్రీధర్_కె:
అన్యాయమే, ఎవరు కాదన్నారు? బేస్‌బాల్ కూడా 1947 దాకా వాళ్లని రానివ్వలేదు, దాన్ని జాతీయ క్రీడ అనడం ఎవరైనా మానేశారా? ఆట జనాన్ని పట్టుకుందా లేదా అన్నదే నా ప్రశ్న. మీరిద్దరూ దానికి తప్ప అన్నిటికీ జవాబిస్తున్నారు.

వాణి_పి:
ఆ పట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా అన్నయ్య ఇక్కడ అమెరికాలో మాస్టర్స్ చేస్తూ రెండో సెమిస్టర్ ఫీజు మొత్తం రేసుల్లో పోగొట్టాడు. నాన్న పంపిన డబ్బది. రాత్రి రెండింటికి ఫోన్ చేసి "ఈ ఒక్కటి గెలిస్తే చాలు" అన్నాడు. మీరేమో చరిత్ర, వైభవం అంటున్నారు.

శ్రీధర్_కె:
బాధగానే ఉందండీ. కానీ మీ అన్నయ్య తప్పుకి 200 ఏళ్ల ఆట ఏం చేస్తుంది?

వాణి_పి:
ఏం చేస్తుందా? 1908లో న్యూయార్క్ బెట్టింగ్‌ని నిషేధించింది, 1910లో ట్రాక్ యజమానుల మీదే కేసు పెట్టొచ్చని చట్టం తెచ్చింది. 1911, 1912 రెండేళ్లూ ఆ రాష్ట్రంలో రేసులే లేవు. మీరన్నట్టు జనం గుర్రం కోసమే వస్తే బెట్టింగ్ ఆగినంత మాత్రాన గేట్లకి తాళాలెందుకు పడ్డాయి? ఇదీ నా అసలు ప్రశ్న. 60,000 సంగతి వదిలేశా పొండి.

కిరణ్77:
తర్వాత 1930ల్లో డబ్బుకి కటకటలాడి ఒక్కో రాష్ట్రం పన్ను కోసం బెట్టింగ్‌కి మళ్లీ తలుపులు తీసింది. అదీ గుర్తుంచుకోవాలి.

శ్రీధర్_కె:
గేట్ల మాట నిజమే, కాదనను. డబ్బు లేకుండా ఆ గుర్రాల్ని ఎవరూ పెంచలేరు. కానీ 1973 బెల్‌మాంట్ పందెంలో సెక్రటేరియట్ అనే గుర్రం 31 లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో, 2 నిమిషాల 24 సెకన్లలో గెలిచిన వీడియో నేను మొదటిసారి చూసినప్పుడు నా జేబులో పైసా లేదు, ఎవరి మీదా పందెమూ కట్టలేదు. కళ్లనీళ్లొచ్చాయి. దాన్ని కూడా జూదం అంటే ఒప్పుకోను.

నాడా_రఫీ:
నేను రేసులు మానేసిన గుర్రాల్ని చూసుకునే ఫామ్‌లో శనివారాలు సాయం చేస్తా. మొన్నొకటి వచ్చింది. పై పెదవి ఎత్తితే లోపల పచ్చబొట్టు, ఒక అక్షరం, పక్కన అంకెలు. ఆ అక్షరాన్ని బట్టే పుట్టిన ఏడాది తెలుస్తుంది. ముందు కాలు గిట్ట పైన వాచిపోయి ఉంది, అది చెయ్యి తగలనివ్వదు. దాని మీద ఎంత డబ్బు తిరిగిందో తెలీదు, ఆ కాలికి కట్టు కట్టడానికి మాత్రం మేం ముగ్గురం పట్టుకోవాల్సొచ్చింది. శ్రీధర్ గారూ, మీకు ఆ పరుగు కనిపిస్తోంది, నాకు ఈ కాలు కనిపిస్తోంది.

వాణి_పి:
సెక్రటేరియట్ వీడియో మా అన్నయ్యే నాకు చూపించాడు. పందేలు మొదలుపెట్టక ముందు. వాడికీ కళ్లనీళ్లొచ్చాయి. ఇప్పుడు మే మొదటి శనివారం, డెర్బీ రోజు, వాడి ఫోన్ సాయంత్రం దాకా నా బ్యాగులో ఉంటుంది. వాడే తెచ్చిస్తాడు.