నీళ్లు నిలిచే పెరట్లో ఏ చెట్లు తట్టుకుంటాయి? (కోనసీమలో ఉప్పలగుప్తం వైపు)

ప్రశ్న: పెరడు 6 సెంట్లు, సముద్రానికి దగ్గరే. ఇల్లు మెరక చేసి కట్టారు గానీ పెరడు పల్లం. అక్టోబరు, నవంబరు వానలకి మూడు నాలుగు రోజులు మడమ లోతు నీళ్లుంటాయి. నల్ల బంకమట్టి, వేసవిలో పైన తెల్లపొర కడుతుంది. వేప, మునగ, నిమ్మ, కరివేపాకు వేద్దామనుకుంటున్నాం. నీడకో చెట్టు, ఒకటి రెండు పళ్ల చెట్లు, గోడ వెంట పూలమొక్కలు కావాలి. ఏం నిలుస్తాయండీ?

లంకతోట: ఆ నాలుగూ మీ పల్లానికి పనికిరావండీ. మునగ వేరు నీళ్లలో నానితే కుళ్లిపోతుంది, కొమ్మ కూడా పెళుసు. నిమ్మకి మొదట్లో బెరడు కుళ్లి బంక కారుతుంది. వేప కరువుకి గట్టిది, నీటికి కాదు.

నీడకి కానుగ గానీ గంగరావి గానీ వేయండి, రెండూ ఉప్పునీ నీటినీ ఓర్చుకుంటాయి. గోడకి 15 అడుగులు వదలండి. సముద్రపు గాలి నేరుగా తగిలే చోటైతే పొన్న మేలు, కానీ దాని ఎదుగుదల నిదానం. తురాయి మాత్రం వద్దు, వేళ్లు పైపైనే ఉంటాయి, తుపానుకి ముందు ఒరిగేది అదే. పళ్లకి నేరేడు, సపోటా. సపోటా ఉప్పుని తట్టుకుంటుంది గానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే ఓర్వదు, దిబ్బ మీదే వేయాలి. గోడ వెంట గన్నేరు, కాగితంపూలు. గన్నేరు ప్రతి భాగమూ విషమే, పిల్లలూ పశువులూ తిరిగే వైపు పెట్టకండి.

కడియం మొక్క: చెట్టు ఎంపిక కంటే నాటడంలోనే ఎక్కువ పోతాయి. బంకమట్టిలో గొయ్యి తీసి ఇసుక, ఎరువు నింపితే చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే దిగుతాయి, అది కుండే. గొయ్యి మానేసి నేలని జానెడు లోతు గుల్ల చేసి, దాని మీద 2 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు దిబ్బ పోయండి. ఒండ్రుమట్టి రెండు పాళ్లు, గోదారి ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు.

నర్సరీలో పదడుగుల మొక్క చూసి మోజు పడకండి. కవరు అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, అవి విప్పుకోక తుపానుకి మొదలంటా పెకలొస్తుంది. 3 అడుగుల మొక్క, లావు మొదలు ఉన్నది తీసుకుని, చుట్టుకున్న వేళ్లు కత్తిరించి నాటండి. రెండు వైపులా కర్రలు పాతి మొక్క సగం ఎత్తున వదులుగా కట్టి, ఏడాదికి తీసేయండి.

లంకతోట: నాటడం డిసెంబర్లో, నీళ్లు తీశాక.

కడియం మొక్క: మామూలు నేలకైతే సరేనండీ. ఈ నేలకి కాదు. ఎండల్లో అడుగు ఉప్పు పైకి ఎగబాకుతుంది, డిసెంబరు మొక్కకి మొదటి వేసవే గండం. జూలైలో రెండు పెద్ద వానలు పడి ఉప్పు కడిగాక నాటితే తుపాన్ల నాటికి వేరు పట్టుకుంటుంది. వానలు వెళ్లాక మొదట్లో కొబ్బరి డొక్కలు పరవండి, ఉప్పు పైకి రాదు. బోర్లా పరవాలి, వెల్లకిలా వేస్తే నీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. జిప్సం చల్లమని ఎవరైనా చెప్తే ముందు మట్టి పరీక్ష చేయించండి, పీహెచ్ 8.5 దాటిన చౌడుకే అది పని చేస్తుంది, ఉత్త ఉప్పుకి కాదు.

ప్రశ్న వేసినవారు: కరివేపాకు లేని పెరడేంటండీ మరి!

లంకతోట: నూతికి వేసే సిమెంటు ఒరలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, అడుగున ఇటుక ముక్కలు వేసి అందులో పెంచండి. బోరు నీళ్లు పోయకండి, కాలవ నీళ్లో వాన నీళ్లో పోయండి.