సంగీతసుధ కర్త ఎవరు: రఘునాథ నాయకుడా, గోవింద దీక్షితులా?

మేళకర్త:
17వ శతాబ్ది తొలి దశాబ్దాలలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుని పేరిట, సంగీత నియమాలను వివరించే ‘సంగీతసుధ’ అనే సంస్కృత లక్షణ గ్రంథం ఉన్నది. గ్రంథంలో కర్తగా కనిపించేది రాజే. అయితే ఆయన మంత్రి గోవింద దీక్షితుల కుమారుడైన వేంకటమఖి తన సంగీత గ్రంథం ‘చతుర్దండీప్రకాశిక’లో దానిని తన తండ్రి రచనగా చెప్పుకున్నాడు. ఇంటివాడే సాక్ష్యం చెప్పిన తరువాత కూడా రాజును కర్త అనడం వందిమాగధుల అలవాటే అవుతుంది. తోపూరులో యుద్ధం చేసి, 1620లో డెన్మార్కు వర్తకులకు తరంగంబాడిలో చోటిచ్చి, రాజ్యం చక్కబెట్టుకుంటున్న మనిషికి, విద్యారణ్యుల సంగీత సిద్ధాంతాన్ని అనుసరించి 15 మేళాలనూ (రాగాలకు మూలమైన స్వర సమూహాలనూ) 50 రాగాలనూ వరుసగా వివరించే తీరిక ఎక్కడిది?

విజయవిలాసాభిమాని:
తీరిక వాదం మనకు కొత్తది కాదు. ఆముక్తమాల్యదను కృష్ణరాయల చేతిలో నుంచి తీసి పెద్దన చేతిలో పెట్టినవారు కూడా ఇదే మాట అన్నారు. రఘునాథుడు తెలుగులో వాల్మీకి చరిత్రమూ రామాయణమూ రాసిన కవి. ఆ రామాయణాన్ని మధురవాణి సంస్కృతంలోకి తెచ్చింది. ఆయన చరిత్రను రామభద్రాంబ కావ్యం చేసింది. అటువంటి సభ నడిపినవానికి లక్షణ గ్రంథం రాయడం ఏమంత అసాధ్యం?

మేళకర్త:
మధురవాణి పేరు మీరే తెచ్చారు కనుక అడుగుతున్నాను. సంస్కృతంలో శాస్త్రమే రాయగలిగిన రాజు, తన రామాయణానికి సంస్కృత రూపం కోసం మరొకరి మీద ఎందుకు ఆధారపడ్డాడు?

విజయవిలాసాభిమాని:
అది సభా మర్యాద. కవయిత్రి ప్రతిభకు గౌరవంగా ఇచ్చిన పనిని రాజు అసమర్థతకు రుజువుగా చూపడం న్యాయం కాదు.

మైనపుమెట్టు:
మీరిద్దరూ గ్రంథం దగ్గరే ఆగిపోయారు. నేను వీణ వాయించేవాడిని కనుక వీణ వైపు నుంచి చెబుతాను. మా ఇంట్లో ఉన్నది గొల్లపల్లిలో పనస చెక్కతో చేసిన బొబ్బిలి వీణ. దాని దండి మీద నల్లని మైనంలో 24 మెట్లు (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు), స్థాయికి 12 చొప్పున, కదలకుండా కూర్చుని ఉంటాయి. ఎండాకాలంలో మైనం మెత్తబడి గాంధారం మెట్టు వెంట్రుకవాసి జరిగినా చెవికి వెంటనే తెలుస్తుంది; మేళం మళ్లీ కట్టించేదాకా, అంటే మెట్లను మైనంలో సరిగా కూర్చోబెట్టించేదాకా, ఆ వీణను ముట్టబుద్ధి కాదు. ఒకప్పుడు రాగం మారినప్పుడల్లా మెట్లు జరుపుకోవలసిన వీణలు ఉండేవి. వాటిని ఏకరాగ మేళ వీణలన్నారు. అన్ని రాగాలకూ ఒకే అమరిక సరిపోయేది సర్వరాగ మేళ వీణ. వేంకటమఖి చతుర్దండీప్రకాశిక వీణా ప్రకరణంలో, తీగల శ్రుతి అమరికను బట్టి చెప్పే శుద్ధమేళ, మధ్యమేళ వీణలతో పాటు మూడవదానిని ‘రఘునాథేంద్రమేళ వీణ’ అని పిలిచాడు. అంటే గ్రంథాన్ని తండ్రికి రాసిచ్చిన ఆ చేతితోనే వీణను రాజు పేర ఉంచాడు. ఈ సాక్షిని నమ్మితే రెండు చోట్లా నమ్మాలి. తనకు ముందటి రామామాత్యుని వంటి పెద్ద సంగీత లాక్షణికుణ్ణే నిర్దాక్షిణ్యంగా దుయ్యబట్టిన వేంకటమఖి మొహమాటానికి మాట తేల్చే మనిషి కాడు. స్థాయికి 12 స్థానాలు మెట్ల మీద కళ్లకు కనబడుతూ ఉన్నందువల్లనే ఆయనకు 72 మేళాల లెక్క సుళువైందని నా అనుమానం. అది వేరే చర్చ.

ఇంకొక సంగతి. వేంకటమఖి చేత చతుర్దండీప్రకాశిక రాయించినది రఘునాథుని కుమారుడు విజయరాఘవ నాయకుడు. ‘మీ తండ్రిగారి పేరిట ఉన్న గ్రంథం నిజానికి మా తండ్రిగారిది’ అని ఆ రాజు కోసం రాస్తున్న పుస్తకంలోనే చెప్పగలిగాడంటే, ఆనాటి వారికి అది దొంగతనంగానూ తోచలేదు, పరాభవంగానూ తోచలేదు. విజయవిలాసం అవతారికలో, ప్రతి పద్యంలోనూ చమత్కారం ఉంటుందని చేమకూర వెంకటకవిని రఘునాథుడు మెచ్చుకుంటాడు. ఆ మెప్పు రాజు నోట వచ్చినా, పద్యం కట్టినది కవే కదా! రాజు నోటితో పండితుడు మాట్లాడడం ఆ సభలో అందరికీ తెలిసిన పద్ధతి.

మేళకర్త:
పేరు పెట్టడం వేరు, కనిపెట్టడం వేరు. దేవాలయానికి కట్టించినవాని పేరే వస్తుంది, రాయి చెక్కిన శిల్పి పేరు రాదు. వీణ విషయంలో కూడా అదే జరిగి ఉండవచ్చు.

విజయవిలాసాభిమాని:
అలా అయితే రాజు జయంతసేన రాగాన్నీ రామానంద తాళాన్నీ కల్పించాడని సంగీతసుధ చెబుతున్నదే, వాటిని ఎవరి ఖాతాలో వేస్తారు?

మైనపుమెట్టు:
త్యాగరాజస్వామి ‘వినతాసుత వాహనుడై’ జయంతసేన రాగంలోనే ఉన్నది. అయితే పేరు కలిసినంత మాత్రాన రెండూ ఒకే రాగమని నేను అనను. మీ ప్రశ్నలో మాత్రం ఒక తమాషా ఉంది. గ్రంథం రాజే రాశాడంటే, ఆ రాగం నాదే అన్నది స్వోత్కర్ష అవుతుంది. దీక్షితులు రాశారంటే, రాజు రాగకర్త అని శాస్త్రం తెలిసిన మరొకరు చెప్పినట్లవుతుంది. గ్రంథాన్ని రాజు దగ్గర నుంచి తీసేసుకున్న కొద్దీ ఆయనలోని సంగీతజ్ఞునికి బలం చేకూరుతున్నది. మేళకర్త గారూ, మీ వాదం గెలిస్తే లాభపడేది మీరు వద్దన్న రాజే.

మేళకర్త:
జీతం తీసుకుంటున్న మంత్రి చెప్పిన మాటను మరొకరి సాక్ష్యం అనవచ్చునా అన్న సందేహం నాకు మిగిలే ఉన్నది. వీణ సంగతి మాత్రం నేను ఆలోచించలేదు. వీణా ప్రకరణం మళ్లీ చదివి వస్తాను.