అప్‌డేట్: బెంగళూరు మారతహళ్లి సైటులో పైనుంచి స్పానర్ పడిన సంగతి

పోయిన నెల ఇక్కడే అడిగాను. మా బావమరిది సెంట్రింగ్ పని చేసే సైటులో పదో అంతస్తు నుంచి జారిన స్పానర్ ఇసుక జల్లిస్తున్న ఒక అక్క పక్కనే పడింది. మేస్త్రీ ‘ఏం కాలేదు కదా’ అని కొట్టిపారేశాడు. ఏం చేయాలన్నది నా ప్రశ్న.

మీలో ఒకరిచ్చిన లెక్కే పని చేసింది. 30 మీటర్ల ఎత్తు నుంచి పడేది నేల తాకేసరికి గంటకు 85 కిలోమీటర్ల వేగం దాటుతుంది. అది వినగానే ఇంజనీరు మొహం మారింది. ఇప్పుడు పరంజా అంచుల్లో అడ్డుపలకలు కొట్టారు, స్పానర్లు, సుత్తులు నడుము బెల్టుకు తాడుతో కట్టుకుంటున్నారు. కింద రాకపోకలున్న చోట రేకుల పందిరి వేశారు.

వల కూడా కట్టారు గానీ మనిషిని ఆపే పెద్ద కన్నుల వల అది. బోల్టు అందులోంచి సులువుగా జారిపోతుంది. దాని మీద సన్నకన్ను వల వేయమన్నాం, ఇంకా రాలేదు.

అసలు చిక్కు హెల్మెట్లతో. ఇటుకలు మోసే ఆడవాళ్లు తీసేస్తున్నారు, చుట్టకుదురు దాని మీద నిలవదు మరి! వాళ్ల మోత పనిని హాయిస్టుకు (సామాను పైకి లాగే యంత్రానికి) మార్చమని అడిగాం. ఇంజనీరు ‘చూద్దాం’ అన్నాడు. ఆ మాట మీద నాకైతే నమ్మకం లేదు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చే కార్డు గురించి అడిగినవాళ్లకు: 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే చాలు. మావాడు దరఖాస్తు పెట్టాడు.