అయాన్ ఫ్యూరీ: దారి తప్పుతున్నది నేనా, తప్పిస్తున్నది ఆటా?

ప్రశ్న

కొత్త తరం షూటర్ గేములకు అలవాటుపడిన నేను, పాత పద్ధతి ఆటలు ఎలా ఉంటాయో చూద్దామని ఈ నెలలో అయాన్ ఫ్యూరీ మొదలుపెట్టాను. ఇది 2019లో వచ్చిన ఆటే అయినా 1990ల నాటి బిల్డ్ ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద తయారైందని, 2016లో వచ్చిన బాంబ్‌షెల్ అనే ఆట కథకు ముందు జరిగిన కథ అని తెలుసుకున్నాను. ఇప్పటికి దాదాపు మూడో వంతు పూర్తయింది.

తుపాకీ పేల్చడం వరకూ నాకు ఏ ఫిర్యాదూ లేదు. కథానాయిక షెల్లీ చేతిలోని లవర్‌బాయ్ అనే 18 గుళ్ల రివాల్వర్ ఒక్కటి చాలు, ఈ ఆట ఆడటానికి. మౌస్ కుడి బటన్ నొక్కి పట్టుకుంటే ఎదుట ఉన్న శత్రువుల మీద ఒక్కొక్కరిగా గురి కుదురుతుంది, వదలగానే వరసగా పేలుతుంది. నా ఇబ్బందల్లా కాల్పులు ఆగిన తర్వాతే మొదలవుతోంది. నిన్న తలుపు తాళం తెరిచే ఒక కీకార్డ్ కోసం నలభై నిమిషాలు వెతికాను. శత్రువులందరూ చనిపోయారు, నడవాలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి, నేను మాత్రం చూసిన గదులనే మళ్లీ మళ్లీ చూస్తూ తిరిగాను. ఎటు వెళ్లాలో చెప్పే బాణం గుర్తు ఈ ఆటలో లేదు. ఇది నా అలవాటులోని లోపమా, ఆటలోని లోపమా? ముందుకు వెళ్లేకొద్దీ శత్రువుల్లో కొత్తదనం పెరుగుతుందా?

సమాధానం 1

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: లోపం అలవాటుదే, అయితే అది మార్చుకోదగిన అలవాటు. దారి వెతకడాన్ని ఈ ఆట కాల్పుల మధ్య వచ్చే విరామంగా చూడదు, ఆటలో సగభాగంగా చూస్తుంది.

కెన్ సిల్వర్‌మన్ రాసిన బిల్డ్ ఇంజిన్ 1996లో వచ్చిన డ్యూక్ న్యూకెమ్ 3డీ అనే ఆటతో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. దానిలో లెవెల్ తయారుచేసేవారు ఇంటి ప్లాను గీసినట్టు పైనుంచి గీతలు గీసి, ఒక్కొక్క భాగానికి నేల ఎంత ఎత్తులో ఉండాలో, పైకప్పు ఎంత ఎత్తులో ఉండాలో నిర్ణయిస్తారు. గోడ నిలబెట్టడం, దానికి రంగూ రూపమూ అద్దడం, నీడ వేయడం, మూలన ఒక శత్రువును దాచిపెట్టడం అన్నీ ఒకే చేతి మీదుగా జరిగిపోగలవు. అయాన్ ఫ్యూరీ తయారుచేసిన వాయిడ్‌పాయింట్ బృందంలో ఈ ఇంజిన్‌తో ఏళ్ల తరబడి మోడ్‌లు (ఉన్న ఆటలకు అభిమానులు చేసే మార్పులు, చేర్పులు) చేసినవారు ఉన్నారు. అందుకే ఇక్కడి గదులు అచ్చులో పోసినట్టు కాకుండా, ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ చెక్కినట్టు ఉంటాయి. ఒక కిటికీలోంచి వీధికి అవతల వెలుగుతున్న మేడ కనిపిస్తుంది. అది కేవలం వెనుక తెర అనుకుంటాం. ఇరవై నిమిషాల తర్వాత ఆ మేడ లోపల నిలబడి, మనం వచ్చిన కిటికీ వైపు చూస్తుంటాం. బాణం గుర్తు పెట్టి ఉంటే ఆ కిటికీ వైపు మన చూపు వెళ్లేదే కాదు.

ఆచరణలో కొన్ని మాటలు చెబుతాను. తాళం వేసి ఉన్న తలుపు కనిపించగానే దాని రంగును, అది ఉన్న చోటును గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కీకార్డ్ దొరికాక వెనక్కి రావలసింది అక్కడికే. మ్యాప్ తెరిచి, మీరు అడుగుపెట్టని ఖాళీలు ఎక్కడున్నాయో చూడండి. గాలి గొట్టాల జాలీలను, పగుళ్లు పట్టిన గోడలను ఊరికే వదలకండి. మీరు నలభై నిమిషాలు తిరిగారంటే బహుశా తల ఎత్తి పైకి చూసి ఉండరు. ఈ ఆటలో పైఅంతస్తులు, పిట్టగోడలు చాలా సార్లు దారులవుతాయి.

సమాధానం 2

పై సమాధానంలో లెవెల్‌ల గురించి చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. అయితే అంత ప్రేమతో కట్టిన నగరంలో ఎవరితో పోరాడుతున్నామన్న ప్రశ్న దగ్గరే ఈ ఆట బలహీనపడుతుంది. రెండో ప్రశ్నకు జవాబు అదే: కొత్త శత్రువులు వస్తారు కానీ, ఆట నిడివికి సరిపడేంత మంది రారు. ఆటలోని విలన్ డాక్టర్ హెస్కెల్‌కు అంగీలు తొడుక్కున్న అనుచరులు ఉంటారు, చివరిదాకా ఎక్కువగా వారే ఎదురవుతారు. ఆయుధాన్ని బట్టి వారి ప్రమాదం మారుతుంది గానీ, వారిని ఎదుర్కొనే పద్ధతి పెద్దగా మారదు. బాసులతో, అంటే దశల చివర వచ్చే పెద్ద శత్రువులతో, పోరాటాలు నాకు మరీ నిరాశ కలిగించాయి. ముఖ్యంగా చివరి పోరాటం, అంతవరకూ వచ్చిన ప్రయాణానికి తగిన ముగింపు కాలేకపోయింది. షెల్లీ మాటలు కూడా మొదట్లో హుషారుగా అనిపించినా, అవే మళ్లీ మళ్లీ వినవలసి రావడంతో పలచబడిపోతాయి.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టినవి సాలీడు కాళ్లతో పరుగెత్తే ఆ చిన్న తలలు. డాక్టర్ హెస్కెల్ ముఖంతో ఉండే ఆ జీవులు మోకాలి ఎత్తు కూడా ఉండవు, నేల మీద పాకుతూ వచ్చి ఎగిరి మీద పడతాయి. ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ ఆటలో శత్రువులు పాత పద్ధతిలో గీసిన చదునైన బొమ్మలు. నేల మీద గచ్చు పలకలు, చెత్త, తీగలు, నీడలు ఎంత వివరంగా గీస్తే, ఆ నేల మీద కదిలే చిన్న బొమ్మ అంతగా వాటిలో కలిసిపోతుంది. అంటే లెవెల్ గీసినవారి పనితనమే ఆ శత్రువుకు ముసుగు అవుతోంది. 1990ల ఆటల్లో నేల చాలా వరకు ఖాళీగా ఉండేది కనుక చిన్న శత్రువైనా వెంటనే కంటపడేది. ఇక్కడ మాత్రం శబ్దం విని, ప్రాణశక్తి తగ్గాక కిందికి చూసి, అది ఎక్కడుందో వెతకాల్సి వస్తోంది. నేర్పు లేక దెబ్బ తింటే మనం నేర్చుకుంటాం. కనిపించక దెబ్బ తింటే విసుగే మిగులుతుంది.

సమాధానం 3

చిన్న తలల విషయంలో పై వారి వాదన సరైనదే గానీ, వాటికి లవర్‌బాయ్‌తో గురిపెట్టడమే పొరపాటు. శబ్దం వినగానే వెనక్కి నడిచి, గోడకు వీపు ఆనించి, షాట్‌గన్‌గా పనిచేసే డిస్పర్సర్ తీసుకోండి. మీద పడటానికి ఎగిరిన క్షణంలో అది మీ కంటి ఎత్తుకు వస్తుంది, అప్పుడు పేల్చండి. గది అవతల గుంపుగా ఉంటే బౌలింగ్ బాంబు ఒకటి దొర్లించండి. దగ్గరలో ఉన్న శత్రువు వైపు దానంతట అదే మలుపు తీసుకుంటుంది కనుక మీ కంటికి కనిపించనిది కూడా దానికి దొరుకుతుంది. ఈ ఆయుధాల్లో దాదాపు ప్రతి దానికీ రెండో పని ఉంది, ఏ శత్రువుకు ఏది అన్నది కుదిరిన రోజున పాత శత్రువులే కొత్తగా అనిపిస్తారు. తక్కువ కష్టం ఉన్న స్థాయిలో ఆడితే లవర్‌బాయ్ ఒక్కదానితోనే నెట్టుకురావచ్చు, అందువల్ల మిగతావి పరీక్షించే అవసరమే కలగదు. ఒక మెట్టు పెంచి చూడండి.

ప్రశ్న అడిగినవారు

మూడు సమాధానాలకూ ధన్యవాదాలు. నిన్న రాత్రి మ్యాప్ తెరిచి అడుగుపెట్టని ఖాళీని చూస్తే, నేను ఆరేడు సార్లు దాటిపోయిన గదికి పైన ఒక నడక దారి ఉన్నట్టు తేలింది. పెట్టెల మీదుగా ఎక్కగలిగాను. తల ఎత్తి చూడలేదన్న మాట అక్షరాలా నిజం. ఆ తర్వాత రెండు లెవెల్‌లు ఎక్కడా ఆగకుండా పూర్తిచేశాను, వాటిలో మూడు రహస్య గదులు నా అంతట నేనే కనిపెట్టాను.

కష్టం ఒక మెట్టు పెంచాను, డిస్పర్సర్ సలహా బాగా పనికివచ్చింది. అయినా చీకటి గదుల్లో ఆ తలల విషయంలో నేను సమాధానం 2 పక్షమే. శబ్దం ఎటునుంచి వస్తోందో తెలిసినా, నేల మీది సామాన్ల మధ్య అది కనిపించడం లేదు. ఆఫ్టర్‌షాక్ అనే విస్తరణలో (అసలు ఆటకు తర్వాత చేర్చిన అదనపు భాగం) శత్రువుల రకాలు తక్కువన్న లోటు తీరిందా?

సమాధానం 2 రాసినవారు

2023 అక్టోబర్ 2న వచ్చిన ఆఫ్టర్‌షాక్‌లో శత్రువుల రకాలు పెరిగాయి, నేల మీద తేలుతూ పరుగెత్తే బైకు ఒకటి చేరింది. ఒకే రకం వారితో పోరాడుతున్నామన్న అసంతృప్తి నాకు అక్కడ బాగా తగ్గింది. అయితే అది అసలు ఆట పూర్తిచేసినవారి చేయి తిరిగి ఉంటుందని నమ్మి కట్టినది, మొదటి నుంచే గట్టిగా తగులుకుంటుంది. ముందు ఇది ముగించండి. చీకటి గదుల్లోకి వెళ్లేముందు గుమ్మం దగ్గరే ఆగి, ఒక బౌలింగ్ బాంబు లోపలికి దొర్లించి, పేలిన శబ్దం విన్నాక అడుగుపెట్టండి.