పారామెడిక్ కావాలంటే ఇంటర్ తర్వాత ఏం చదవాలి? కర్నూలు సైడు తెలిసినోళ్లు చెప్పండి

టమోటాచేను:

అందరికీ నమస్తే. మాది పత్తికొండ పక్కన పల్లె. ఇంటర్ బైపీసీ అయిపోయింది, 871 మార్కులు. నీట్ ఒకసారి రాసినా, తర్వాత లాంగ్ టర్మ్‌లో ఒక ఏడాది కూర్చుని మళ్లీ రాసినా, ఎంబీబీఎస్ సీటొచ్చే మార్కులు రెండుసార్లూ రాలేదు. నాయన ఇంకోసారి పంపిస్తా అంటాడు కానీ ఈసారి టమోటా రేటు ఎట్లా పడిపోయిందో చూసినాక నాకే అడగబుద్ధి కాలేదు.

అసలు సంగతి ఏమంటే పోయినేడాది మా పిన్నమ్మకు రాత్రిపూట నొప్పులొస్తే 108లో కర్నూలుకు తీస్కపోతా ఉంటిమి, నేనూ ఎక్కినా తోడుగా. సగం దావ కూడా పోలేదు, బండి పక్కకు ఆపించి అందులోనే కాన్పు చేసినాడు ఆ 108లో వచ్చినాయన. నేను ఒక మూలకు నక్కి కూర్చుని ఉంటే నాకల్లా తిరిగి "పాపా టైం చూసి చెప్పు" అన్నాడు. 2.40 అన్నా. బిడ్డ ఏడ్చేదాకా నాకు ఊపిరి ఆడలేదు. ఆ 2.40 పెట్టే మా పిన్నమ్మోళ్లు జాతకం రాయించినారు. అప్పటి నుంచి నాకు ఆ పనే చెయ్యాలని ఉంది, డాక్టర్ కాకపోయినా సరే.

ఇప్పుడు మా ఊరికి ఒక కాలేజీ ఆయన వచ్చి పోతున్నాడు. పారామెడికల్ సీటు ఉంది, రెండేండ్ల కోర్సు, అయిపోతానే 108లో జాబ్ గ్యారంటీ, శుక్రవారంలోగా 10 వేలు అడ్వాన్స్ కడితే సీటు ఆపుతా అంటాడు. నాయన ఏమో నర్సింగ్ చెయ్ అంటాడు. అమ్మ ఆడపిల్లకు రాత్రి డ్యూటీలు ఏంది అంటుంది. ఈ పారామెడికల్ అంటే అదేనా? ఆ డబ్బులు కట్టమంటారా?

తుంగభద్రగట్టు:

ముందు ఆ 10 వేలు కట్టొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మన దగ్గర అందరూ పడే గుంత ఇదే పాపా. పారామెడికల్ వేరు, పారామెడిక్ వేరు. మనోళ్లు పారామెడికల్ అని దేన్ని అంటారంటే డాక్టరు, నర్సు కాకుండా ఆసుపత్రిలో ఉండే టెక్నీషియన్ కోర్సులన్నిటినీ కలిపి అంటారు, రక్తం టెస్టులు చేసే డీఎంఎల్‌టీ, ఎక్స్‌రే, డయాలసిస్, అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్, కళ్ల టెస్టు, అన్నీ దాంట్లోకే వస్తాయి. పారామెడిక్ అంటే నువ్వు ఆ రాత్రి చూసినాయన చేసే పని, అంబులెన్సులో ఎమర్జెన్సీ చూసేది. 108లో వాళ్లను ఈఎంటీ అంటారు, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అని. డ్రైవర్‌ను పైలట్ అంటారు, మా మేనమామ కొడుకు పైలట్ ఉద్యోగం వచ్చిందంటే మా అవ్వ ఇమానం అనుకుని ఊరంతా చెప్పొచ్చింది అది వేరే కథ.

నేను డీఎంఎల్‌టీ చేసినోడినే, చెడ్డ కోర్సు అని చెప్పను, నా ల్యాబు నాకు అన్నం పెడుతుంది. కానీ రెండేండ్లు మైక్రోస్కోపు కింద స్లైడ్లు చూసుకుంటా కూర్చుంటా, నాకు అంబులెన్సు ఎప్పుడు నేర్పిస్తారా అని ఎదురు చూస్తే నేర్పియ్యరు. నా బ్యాచ్‌లో ఇద్దరు అట్లనే 108 అని చెప్తే వచ్చి చేరినారు.

ఆయన్ను ఒకే మాట అడుగు. సర్టిఫికెట్ మీద కోర్సు పేరు ఏమని ప్రింట్ అవుతుంది, ఇచ్చేది ఎవరు? పారామెడికల్ బోర్డా, యూనివర్సిటీనా, ఏదో ట్రస్టా? ఈ ప్రశ్నకు నీళ్లు నమిలితే లెక్క తేలిపోయినట్లే. జాబ్ గ్యారంటీ అనేది కాలేజీ చేతిలో లేని వస్తువు, దాన్ని అమ్ముతాడంటేనే అర్థం చేసుకో.

రాత్రిడ్యూటీ:

చెల్లీ నేను అనంతపురం సైడు ఈఎంటీగా చేస్తాండా, ఏడేండ్లయింది. ఆడదాన్నే. మీ అమ్మకు చూపించు ఈ మెసేజ్.

పైన అన్న చెప్పింది కరెక్టు. నేను కొంచెం పెద్దగా చెప్తా, టైం ఉన్నప్పుడు చదువుకో.

108 మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టు 15న. అప్పట్లో ఈ పనికి ప్రత్యేకంగా చదివినోళ్లు యాడ ఉండారు, బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చేసినోళ్లను, నర్సింగ్ చేసినోళ్లను తీసుకుని వాళ్లే ట్రైనింగ్ ఇచ్చి బండెక్కించినారు. నేనూ బీజెడ్‌సీ, అంటే బాటనీ జువాలజీ కెమిస్ట్రీ డిగ్రీ చేసి అట్లా వచ్చినదాన్నే. కాబట్టి ఇప్పుడు పని చేస్తాండే వాళ్లలో రకరకాల చదువులోళ్లు ఉంటారు, వాళ్లను చూసి ఏది చదివినా పరవాలేదులే అనుకోవద్దు. రోజులు మారుతాండాయి. 2021లో కేంద్రం అలైడ్ హెల్త్‌కేర్ వాళ్లకు, అంటే డాక్టర్లు నర్సులు కాకుండా వైద్యంలో పనిచేసే మనలాంటోళ్లకు, ఒక చట్టం తెచ్చింది, అందులో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ అంటే పారామెడిక్ అని విడిగా పేరు పెట్టి రాసినారు. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2000 గంటలు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనాలంటే 3600 గంటలు చదువు ఉండాల అని కూడా ఉంది దాంట్లో. డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్లే రిజిస్ట్రేషన్ వస్తాది. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులు ఆ లెక్కకు యాడ సరిపోతాయి చెప్పు.

అందుకని నా సలహా డిగ్రీనే. బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ, పేరు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాది. మూడేండ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో ఇట్లాంటి అలైడ్ హెల్త్ డిగ్రీలు విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కిందకి వస్తాయి, ఇంటర్ బైపీసీ మార్కుల మీద మెరిట్ చూస్తారు, నీ మార్కులకు భయపడాల్సింది లేదు. వెబ్‌సైటులో నోటిఫికేషన్ పడతానే లైను లైను చదువు, కన్వీనర్ కోటా ఫస్టు, మేనేజ్‌మెంట్ తర్వాత. తమిళనాడులో ఎంజీఆర్ మెడికల్ యూనివర్సిటీ వాళ్లు ఇదే కోర్సును యాక్సిడెంట్ అండ్ ఎమర్జెన్సీ కేర్ టెక్నాలజీ అంటారు, పేరు చూసి వేరేది అనుకుని వదిలెయ్యొద్దు. కాకపోతే అక్కడ పేషెంటు నొప్పి యాడుందో తమిళంలో చెప్తాడు, అది చూసుకో.

కాలేజీ చూసేటప్పుడు బిల్డింగు చూడొద్దు. క్యాజువాలిటీ పోస్టింగ్ ఎన్ని నెలలు, ఏ ఆసుపత్రిలో, అంబులెన్సు ఎక్కిస్తారా లేదా, ఇవి సీనియర్లను పట్టుకుని అడుగు. బొమ్మ మీద సీపీఆర్, అంటే గుండె ఆగినోళ్లకు ఛాతీ ఒత్తేది, నేర్చుకుని వచ్చిన పిల్లోళ్లు మా బండెక్కినాక మంచం మీద పడుకున్న మనిషికి మంచం మీదనే ఒత్తడం మొదలు పెడతారు, పరుపు కిందికి పోతాది గానీ ఛాతీ పోదు. కిందికి దించి గట్టి నేల మీద పడుకోబెట్టి ఒత్తాల, నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 30 ఒత్తినాక 2 సార్లు ఊపిరి. రెండు నిమిషాలు నిజంగా ఒత్తి చూడు, చేతులు పడిపోతాయి.

ఇంగ పని ఎట్లుంటాదంటే, ఒకటి చెప్తా. ధర్మవరంలో ఒక మగ్గం ఇల్లు. అరవై దాటిన అవ్వ, కుడి చెయ్యి కుడి కాలు పడిపోయినాయి, మాట ముద్దగా వస్తాంది. ఇంట్లో అందరూ పక్షవాతం అని డిసైడ్ అయిపోయి ఏడుస్తాండారు, ఒకాయన నాటు మందుకు మనిషిని కూడా పంపించినాడంట. నేను అలవాటు కొద్దీ వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తే 38, బాగా పడిపోయింది. పొద్దున షుగర్ మాత్ర ఏసుకుని, పెండ్లి పనుల్లో పడి అన్నం తినలేదు. కాల్ సెంటర్‌లో డాక్టర్ లైనులో ఉంటాడు మాకు, ఆయనకు చెప్పి, నరం దొరకబట్టి డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, ఎక్కించినా. బండి మెయిన్ రోడ్డు ఎక్కకముందే అవ్వ లేచి కూర్చుని "నన్ను యాడికి తీస్కపోతాండారే" అని నన్నే తిట్టింది. చెయ్యి కాలు రెండూ ఆడతాండాయి. ఆ పొద్దు నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నా.

కానీ అన్నీ అట్లుండవు చెల్లీ. బుడ్డల చేన్లో పాము కరిస్తే తొడకు తాడు బిగించి కట్టుకుని వస్తారు, కాలు నల్లగా అయ్యి ఉంటాది, టక్కున విప్పలేము, విప్పితే ఒక ఇబ్బంది విప్పకపోతే ఇంకో ఇబ్బంది. పురుగుల మందు కేసులు, ఆ వాసన స్నానం చేసినా పోదు. పసిబిడ్డలు. హైవే మీద తెల్లారుజాము యాక్సిడెంట్లు. కేసు దింపినాక రక్తం కడిగేది కూడా మేమే, ఆ తర్వాత కూర్చుని ఫారం నింపాల, టైములన్నీ కరెక్టుగా ఉండాల.

రాత్రి డ్యూటీ గురించి మీ అమ్మ అడిగింది న్యాయమే. పన్నెండు గంటల షిఫ్టు. బండిలో నేనూ పైలటూ ఇద్దరమే. ఏడేండ్లలో నాకు పైలట్ల తోటి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, తాగినోళ్ల కేసులు వచ్చినప్పుడు వాళ్లే ముందుకొచ్చి నిలబడతారు. నిజమైన బాధ బాత్రూం, రాత్రి రెండు గంటలకు పెట్రోల్ బంకులో తాళం తీయించుకోవాల్సి వస్తాది, దాని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాండా. స్ట్రెచర్ ఎత్తే బలం కూడా ఉండాల. ఉద్యోగం ఏజెన్సీ కింద కాంట్రాక్టు, పర్మనెంటు అనుకుని రావద్దు.

ప్రొద్దుటూరుపిల్ల:

రాత్రిడ్యూటీ అక్కా దండం నీకు. కానీ నేను ఈ పాప వాళ్ల నాయన పార్టీ.

నేను బీఎస్సీ నర్సింగ్ చేసి ఐసీయూలో ఉన్నా. నాలుగేళ్ల డిగ్రీనే రెండూ. నర్సింగ్ చేస్తే గవర్నమెంట్ స్టాఫ్ నర్సు పోస్టులు పడతాయి, ప్రైవేటులో ఏ ఊర్లో అయినా పని దొరుకుతుంది, పెళ్లయి ఏ ఊరు పోయినా సరే. నర్సింగ్ చేసి ఎమర్జెన్సీ వార్డులో కూర్చోవచ్చు, బీఎల్‌ఎస్ ఏసీఎల్‌ఎస్ అని ఎమర్జెన్సీలో ప్రాణం నిలబెట్టడం నేర్పే చిన్న కోర్సులు చేసుకుని అంబులెన్సూ ఎక్కొచ్చు, అక్క చెప్పినట్లు నర్సింగ్ వాళ్లను ఈఎంటీగా తీసుకున్నారు కదా. ఎమర్జెన్సీ డిగ్రీ చేసి వార్డు నర్సు ఉద్యోగం అడిగితే ఇవ్వరు. అంటే నర్సింగ్ నుంచి అటు పోయే దారి ఉంది, అటు నుంచి ఇటు లేదు. 21 ఏళ్లకు నడుము గట్టిగానే ఉంటుంది, 40కి స్ట్రెచర్ ఎత్తుతావా అనేది కూడా చూసుకో.

రాత్రిడ్యూటీ:

నువ్వు చెప్పింది కొట్టిపారెయ్యను, ఉద్యోగాల లెక్కలో నర్సింగే మేలు. కానీ నర్సింగ్‌లో నాలుగేండ్లలో ఎమర్జెన్సీ కొంచమే వస్తాది, గొంతులో పైపు ఎట్లా ఎయ్యాల, ఈసీజీలో ప్రాణం తీసే గీత ఏది, బండి కింద ఇరుక్కున్నోన్ని మెడ కదలకుండా ఎట్లా లాగాల, అవి దీంట్లో మొదటినుంచి నేర్పుతారు. పాపకు ఆస్పత్రి పనే ఇష్టమైతే నీ మాట వినాల. ఆ రాత్రి చూసిన పనే కావాలంటే నా మాట వినాల. రెండిటికీ అప్లై చేసి పెట్టుకో చెల్లీ, ఫారాలకు పోయేదేం లేదు.

రాయచోటి_కువైట్:

మా సైడు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి నా పది పైసలు. నేను డ్రైవర్‌ను, మా రూమ్మేట్ తమ్ముడు సౌదీలో అంబులెన్సు డ్యూటీ. చదివిన కాలేజీ, యూనివర్సిటీ నిజమా కాదా అని డేటాఫ్లో అని ఒక సంస్థ నేరుగా కాలేజీకే రాసి కనుక్కుంటుంది, ఆ తర్వాత అక్కడి లైసెన్సు కోసం కంప్యూటర్ మీద రాసే ప్రొమెట్రిక్ పరీక్ష, ఇక్కడ పనిచేసిన ఎక్స్‌పీరియన్స్ లెటరు. ఏదో ట్రస్టు ఇచ్చిన కాగితం అయితే మొదటి మెట్టులోనే పోతుంది, ఒకడు అట్లా రెండు లక్షలు పోగొట్టుకుని తిరిగొచ్చినాడు మా కళ్ల ముందే. యూనివర్సిటీ డిగ్రీ తీసుకో అమ్మా, మధ్యలో పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఒకటి మెమోలో ఒకటి లేకుండా ఇప్పుడే సరి చేసుకో. నవ్వుకోవద్దు, సగం మంది ఆగిపోయేది అక్కడే.

తుంగభద్రగట్టు:

ఇంకొకటి మర్చిపోయినా. ఆ హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో డాక్టర్ వైఎస్సార్ అని మార్చినారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. సీనియర్ల సర్టిఫికెట్ మీద పాత పేరో కొత్త పేరో చూసి దొంగ సర్టిఫికెట్ అని భయపడొద్దు, రెండూ అదే.

టమోటాచేను:

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా నీ మెసేజ్ అమ్మకు చదివి వినిపించినా. షుగర్ అవ్వ కథ రెండుసార్లు చదివించుకుంది, బాత్రూం సంగతి వచ్చినప్పుడు మాత్రం "ఆ ఏడేండ్లూ ఆ బిడ్డ ఎట్లా చేస్తుందో" అని నీ గురించే బాధపడింది.

కాలేజీ ఆయనకు ఫోన్ చేసినా. సర్టిఫికెట్ మీద కోర్సు పేరు ఏమొస్తుందన్నా అంటే పారామెడికల్ అనే వస్తుందమ్మా అన్నాడు. అట్లా కాదన్నా, ఏ కోర్సు, ఎవరిస్తారు అంటే మేడంను అడిగి సాయంత్రం చెప్తా అన్నాడు. మూడు రోజులైంది. శుక్రవారం కూడా అయిపోయింది.

నాయన నర్సింగ్ అప్లికేషన్ కూడా పెట్టాలంటే సరే అన్నా. నా మెమోలో ఇంటిపేరు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా ఉంది, ఆధార్‌లో ఒకలాగ ఉంది, అది ఇప్పుడే చూసుకున్నా. దాన్ని ఎక్కడ సరి చేయించాలో ఎవరికైనా తెలుసా, మీ సేవలో అవుతుందా లేక ఇంటర్ బోర్డుకే పోవాల్నా?

రాయచోటి_కువైట్:

మెమో తప్పయితే నువ్వు చదివిన కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా ఇంటర్ బోర్డుకు. ముందు టెన్త్ మెమో చూడు, దాంట్లో ఎట్లుందో అదే అసలు లెక్క. ఆధార్‌లో తప్పయితే ఆధార్ సెంటర్, అది సులభం.

టమోటాచేను:

టెన్త్‌లో కరెక్టుగానే ఉందన్నా. సోమవారం కాలేజీకి పోతా.