ఎంబీఏ చేయాలనుకునేవారికి డిగ్రీలో బీబీఏ దండగేనా?

పద్దుపుస్తకం
ఇంటర్ ఫలితాలు రాగానే ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న. సీఈసీనో ఎంఈసీనో పూర్తయింది, ఆఖరికి ఎంబీఏ చేయాలని ఉంది. మరి మధ్యలో డిగ్రీ బీబీఏ చేయాలా, బీకాం చేయాలా? నా మాట సూటిగా చెప్తాను. ఎంబీఏ ఖాయమనుకుంటే బీబీఏ వద్దు.

కారణం సిలబస్‌లోనే ఉంది. బీబీఏ మొదటి రెండేళ్లలో వచ్చేవి మేనేజ్‌మెంట్ సూత్రాలు, ఆర్గనైజేషనల్ బిహేవియర్, మార్కెటింగ్, హెచ్‌ఆర్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్, బిజినెస్ లా, స్టాటిస్టిక్స్. ఎంబీఏ మొదటి ఏడాది పుస్తకాలు తెరిస్తే అవే పేర్లు. ఫెయోల్ 14 సూత్రాలు, మాస్లో అవసరాల నిచ్చెన, మార్కెటింగ్‌లో నాలుగు 'పీ'లు ఒకే విద్యార్థి రెండుసార్లు బట్టీ పడతాడు. బీకాంలో నేర్పే కార్పొరేట్ అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్, ఇన్‌కం ట్యాక్స్, ఆడిటింగ్ మాత్రం ఎంబీఏలో అంత లోతుగా మళ్లీ దొరకవు. అక్కడ చాలాచోట్ల అకౌంటింగ్ మొత్తాన్నీ ఒక పేపర్‌లో, ఒక సెమిస్టర్‌లో చుట్టేస్తారు. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ చేతితో వేయడం రానివారు రెండో ఏడాది ఫైనాన్స్ తీసుకుని తిప్పలు పడేది ఇక్కడే.

పోనీ ప్రవేశంలో లాభముందా అంటే, రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌కు ఏ డిగ్రీలోనైనా 50 శాతం చాలు (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45). బీబీఏ చేసినందుకు అదనంగా ఒక్క మార్కు కలవదు.

తరాజు
పద్దుపుస్తకం గారూ, సిలబస్ పునరావృతమవుతుందన్న మాట ఒప్పుకుంటాను. అందువల్ల బీబీఏ దండగ అన్నది ఒప్పుకోను. రెండు డిగ్రీల్లో పేపర్ల పేర్లు ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు.

ఒక లెక్క తీసుకోండి. టిఫిన్ సెంటరుకు నెల అద్దె 25,000, ఇద్దరు పనివాళ్ల జీతం 30,000, కరెంటు 5,000. మొత్తం 60,000. ప్లేటు ధర 50. పిండి, నూనె, గ్యాస్, ప్యాకింగ్ కలిపి ప్లేటుకు 30. మిగిలేది 20. అంటే నెలకు 3,000 ప్లేట్లు, రోజుకు 100 అమ్మితే నష్టమూ లేదు లాభమూ లేదు. ఇంతవరకూ బీకాం విద్యార్థీ చేస్తాడు, నిజానికి వేగంగా చేస్తాడు. కానీ పరీక్ష పేపర్‌లో ఏది స్థిర ఖర్చో, ఏది చర ఖర్చో (అమ్మకంతో పాటు మారేదో) ముందే విడదీసి ఇస్తారు. దుకాణంలో ఎవరూ విడదీసి ఇవ్వరు. విద్యార్థులు సాధారణంగా చేసే తప్పులు రెండు. గ్యాస్ నెలకోసారి బిల్లుగా వస్తుంది కాబట్టి స్థిర ఖర్చులో వేస్తారు. రోజంతా పొయ్యి దగ్గర నిలబడే యజమాని శ్రమకు విలువే కట్టరు. ఆయనకు నెలకు 20,000 వేసి చూడండి, రోజుకు 100 ప్లేట్లు కాస్తా 134 అవుతాయి. అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. డెలివరీ యాప్ ప్లేటుకు 10 రూపాయలు కమీషన్ అడిగితే ఒప్పుకోవాలా? మధ్యాహ్నం వంటగది ఖాళీగా ఉంటే ఒప్పుకోవచ్చు, ప్లేటుకు 10 అయినా మిగులుతుంది. పొద్దున్న రద్దీలో అదే ఆర్డరు తీసుకుంటే, ఎదురుగా నిలబడి 20 మిగిల్చే గిరాకీ వెనక్కి పోతుంది. ఇది కాస్టింగ్, మార్కెటింగ్, ఆపరేషన్స్ మూడూ కలిసిన ప్రశ్న. బీబీఏ సరిగ్గా చెప్పేచోట ఇలాంటివే చేయిస్తారు.

ఇంకోటి, ఎంబీఏ చేస్తామని చెప్పే అందరూ డిగ్రీ కాగానే చేరరు. మూడేళ్ల తర్వాత ఉద్యోగానికి వెళ్లాల్సిన ఇళ్లే ఎక్కువ.

పద్దుపుస్తకం
లెక్క బాగుంది. అయితే మీరే ఒక మాట జారవిడిచారు, "సరిగ్గా చెప్పేచోట" అని. మన అఫిలియేటెడ్ కాలేజీల్లో ఎన్నింట్లో చెప్తున్నారు? బీకాంలో అధ్యాపకుడు ఎంత నీరసంగా చెప్పినా ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్, క్రెడిట్ మొత్తాల పట్టిక) కలవకపోతే విద్యార్థికే తెలిసిపోతుంది. బీబీఏలో "నాయకత్వ లక్షణాలు వివరించుము" అనే ప్రశ్నకు నాలుగు పేజీలు నింపితే మార్కులు పడతాయి. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు.

మూడేళ్ల తర్వాత ఉద్యోగం అన్నారు కనుక ఆ మాటా చూద్దాం. చిన్న సంస్థలో అకౌంట్స్ మనిషి చేసే పని ఏమిటి? నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేచోట అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 నెల 11లోపు, సప్లయర్లు చూపిన బిల్లుల జాబితా 2బీ 14న వస్తుంది, పన్ను కట్టే రిటర్ను 3బీ 20లోపు. మధ్యలో ఉన్న ఆ ఆరు రోజుల్లో కొనుగోలు రిజిస్టరును 2బీతో సరిచూసి, రాని బిల్లులకు సప్లయర్లకు ఫోన్ చేసి, ఎంత క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నుకు తగ్గింపు) తీసుకోవచ్చో తేల్చాలి. సప్లయరు తన జీఎస్టీఆర్-1లో బిల్లు చూపకపోతే అది మన 2బీలోకి రాదు, క్రెడిట్ అందదు. బీకాం కంప్యూటర్స్ చదివి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీ మీద చేయి తిరిగినవారికి ఈ పని ఊళ్లోనే దొరుకుతుంది. బీబీఏతో మొదట దొరికేది ఎక్కువగా సేల్స్ టార్గెట్ ఉద్యోగం.

ఓరుగల్లు_వాకిలి
ఇద్దరూ పేపర్ల గురించే మాట్లాడుతున్నరు. బీబీఏ నిలబడేదీ కూలిపోయేదీ ప్రాజెక్టు దగ్గర. దాని మీద కొంచెం పెద్దగనే రాస్త.

చివరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టులు చూస్తే చాలావరకు ఒకటే అచ్చు. "ఫలానా కంపెనీ వినియోగదారుల సంతృప్తిపై అధ్యయనం". 50 మందికి గూగుల్ ఫారం పంపుతరు. ఆ 50 మందీ వాట్సాప్‌ల ఉన్న క్లాస్‌మేట్లే. 20 ప్రశ్నలు, 20 పై చార్టులు, కింద "పై పట్టిక నుండి 62 శాతం మంది సంతృప్తిగా ఉన్నారని తెలుస్తున్నది" అని ఒక వాక్యం. ఆఖరుకు కై-స్క్వేర్ (రెండు విషయాల నడుమ సంబంధం ఉందా అని చూసే స్టాటిస్టిక్స్ పరీక్ష) ఒకటి అతికిస్తరు. వయసుల వర్గాలు ఐదు, సంతృప్తి స్థాయిలు ఐదు, మొత్తం 25 గడులు. 50 మందిని 25 గడులల్ల పంచితే సగటున గడికి ఇద్దరు. ఎక్స్‌పెక్టెడ్ ఫ్రీక్వెన్సీ (సంబంధమే లేకుంటే గడిల పడాల్సిన సంఖ్య) గడికి కనీసం 5 ఉండాలన్నది ఆ పరీక్షకు వాడుకల ఉన్న నియమం. లేనప్పుడు వచ్చిన ఫలితాన్ని నమ్మలేం. వయసులను రెండు వర్గాలు చేసి, సంతృప్తిని "ఉంది, లేదు" అని కుదిస్తే నాలుగే గడులు, అప్పుడు అదే 50 మందితోటి లెక్క కొంత నిలబడుతది. ఈ చిన్న సవరణ చెప్పే గైడు (ప్రాజెక్టు చూసే అధ్యాపకుడు) ఉంటే విద్యార్థి స్టాటిస్టిక్స్ నిజంగ నేర్చుకున్నట్టే.

ఇంతకన్న మంచి దారి, సర్వేనే వదిలేసి దగ్గర్ల ఉన్న దుకాణం లెక్కలు అడుగుడు. ఒక మెడికల్ షాపు అనుకోండ్రి. ఏడాదిల అమ్మిన సరుకు కొన్న ధర 36 లక్షలు, సగటు నిల్వ 4 లక్షలు. నిల్వ ఏడాదికి 9 సార్లు తిరుగుతున్నట్టు, అంటే సుమారు 40 రోజుల సరుకు ఎప్పుడూ అరల్ల ఉన్నట్టు. తర్వాత మందులను అమ్మకం విలువను బట్టి ఏ, బీ, సీ అని మూడు వర్గాలు (ఎక్కువ అమ్మేవి ఏ, తక్కువ అమ్మేవి సీ) చేయాలె. సీ వర్గంల ఆరు నెలలుగ కదలనివి ఎన్ని, వాటిల గడువు దగ్గరపడ్డవి ఎన్ని, డిస్ట్రిబ్యూటరు వెనక్కి తీసుకునేటందుకు గడువు ఎంత అని చూడాలె. ఇక్కడ జరిగే తప్పు ఒకటి ఉన్నది. అమ్మకం ధరను నిల్వ విలువతోటి భాగిస్తరు. అమ్మకంల లాభం కలిసి ఉంటది, నిల్వ కొన్న ధరల ఉంటది, అట్ల చేస్తే సరుకు ఉన్నదానికంటే వేగంగ తిరుగుతున్నట్టు కనబడుతది. యజమాని పుస్తకం ఇయ్యకపోతే మూడు నెలల కొనుగోలు బిల్లులు అడగండ్రి, పేరు రిపోర్టుల రాయమని మాటియ్యండ్రి. చాలామంది ఇస్తరు.

అసొంటి రిపోర్టు 25 పేజీలు ఉన్నా ఇంటర్వ్యూల పది నిమిషాలు మాట్లాడొచ్చు. 90 పేజీల సంతృప్తి అధ్యయనం పట్టుకపోతే రెండో ప్రశ్నకే మాట ఆగిపోతది.

కృష్ణాతీరం
ప్రాజెక్టు మాట వచ్చింది కాబట్టి ఆంధ్రప్రదేశ్ సంగతి కలుపుతాను. ఇక్కడ 2020-21 సిలబస్ నుంచి డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది సెలవుల్లో రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది సెలవుల్లో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టరంతా. 2023-24లో నాలుగేళ్ల ఆనర్స్, సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చాయి. కాగితం మీద ఇది బీబీఏకు బాగా కలిసొచ్చే ఏర్పాటు. కానీ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ డబ్బులిచ్చి తెచ్చుకుంటే ఓరుగల్లు గారు చెప్పిన రిపోర్టు కథే మళ్లీ. కాలేజీని అడగాల్సింది "ఇంటర్న్‌షిప్ ఉందా" అని కాదండి. గత బ్యాచ్ వాళ్లు ఏ సంస్థల్లో, ఏ విభాగంలో చేశారో జాబితా చూపించమనండి.

ఇక బీబీఏ తీసుకుంటే సీఏ దారి మూసుకుపోతుందని ఇళ్లలో భయపడుతుంటారు. అది అపోహ. డిగ్రీ తర్వాత నేరుగా సీఏలో రెండో మెట్టయిన సీఏ ఇంటర్మీడియట్‌లో చేరాలంటే కామర్స్ గ్రాడ్యుయేట్లకు 55 శాతం, ఇతరులకు 60 శాతం కావాలి. అకౌంటింగ్, ఆడిటింగ్, మర్కంటైల్ లా, కంపెనీ లా, ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్, ట్యాక్సేషన్, కాస్టింగ్, బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ వంటి వాటిలో 100 మార్కుల పేపర్లు మూడు చదివితే కామర్స్ గ్రాడ్యుయేట్ కిందే లెక్క. బీబీఏలో ఆ మూడు పేపర్లు ఉంటాయి. మార్కుల మెమోల్లో పేపరు గరిష్ఠ మార్కులు స్పష్టంగా కనిపించేలా చూసుకోండి.

అయితే సీఏ మీదే మనసుంటే డిగ్రీ అయ్యేదాకా ఆగడం నష్టం. ఇంటర్ కాగానే సీఏలో మొదటి మెట్టయిన ఫౌండేషన్ రాయాలి. నాలుగు పేపర్లు, ఒక్కోదానిలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం. అలాంటి విద్యార్థికి బీకామే హాయి, ఒకే చదువు రెండింటికీ పనికొస్తుంది. ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే పని శిక్షణ) 2023 కొత్త విధానంలో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది కూడా.

పద్దుపుస్తకం
సీఏ నియమం విషయంలో కృష్ణాతీరం గారి మాట సరైనది. మెడికల్ షాపు లాంటి ప్రాజెక్టు చేయించే కాలేజీ ఉంటే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం అలాగే ఉంది. ఎంబీఏలో ఫైనాన్స్ తీసుకోవాలనుకునేవారికి ఇప్పటికీ బీకామే చెప్తాను. మార్కెటింగ్, హెచ్‌ఆర్, ఆపరేషన్స్ వైపు వెళ్లేవారి విషయంలో పట్టుబట్టను.

లెక్కతేలాలి
ఈ చర్చలో మూడో దారి ఎవరూ ఎత్తలేదు. ఇంటర్ తర్వాత నేరుగా ఐఐఎంలలో చేరే ఐదేళ్ల ఐపీఎం. ఐఐఎం ఇండోర్ 2011లో మొదలుపెట్టింది, తర్వాత రోహ్‌తక్, రాంచీ, జమ్మూ, బోధ్‌గయ వచ్చాయి. డిగ్రీ, ఎంబీఏ ఒకేచోట కాబట్టి పునరావృతం సమస్య చాలావరకు తీరుతుంది. మనవాళ్లు దీన్ని పోగొట్టుకునేది తేదీల వల్ల. దరఖాస్తులు ఇంటర్ రెండో ఏడాది చదువుతుండగానే పడతాయి, గడువు కూడా ప్రవేశాల హడావుడి మొదలుకాకముందే అయిపోతుంది. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేరోజు దీని గురించి వింటే ఆ ఏడాదికి ఇక లేనట్టే. గణితం పదో తరగతి అంకగణితంతో ఆగదు. లాగరిథమ్‌లు, మాత్రికలు, ప్రస్తారాలు సంయోగాలు అడుగుతారు. ఎంఈసీ వారికి ఇబ్బంది లేదు, సీఈసీ వారు మొదటి ఏడాది నుంచే విడిగా చేయాలి. ఫీజు మాత్రం లక్షల్లో ఉంటుంది, బ్యాంకు రుణం సంగతి ముందే చూసుకోవాలి.

తెలంగాణ ఐసెట్ గురించీ ఒక మాట. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అనలిటికల్ 75, గణితం 75, కమ్యూనికేషన్ 50. నెగెటివ్ మార్కులు లేవు. అర్హతకు 25 శాతం, ఎస్సీ ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. ప్రశ్నకు 45 సెకన్లే వస్తాయి కనుక తెలియనివాటిని కూడా ఖాళీగా వదలకూడదు. మూడేళ్లూ లెక్కలు ముట్టని బీబీఏ విద్యార్థి తడబడేది ఆ 75 గణితం ప్రశ్నల దగ్గరే. ఎంబీఏ లక్ష్యమని చెప్తూ లెక్కలంటే భయంతో బీబీఏలోకి వస్తే మూడేళ్ల తర్వాత అదే భయం మళ్లీ ఎదురవుతుంది.

నాలుగో ఏడాది ఉండాలా అంటే ఎటు వెళ్తారన్నదాన్ని బట్టి. యూజీసీ చట్రంలో మూడేళ్లకు కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. రిసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. ఇక్కడే ఎంబీఏ చేసేవారికి నాలుగో ఏడాది అవసరం కనబడదు. అమెరికాలో మాస్టర్స్ అనుకునేవారికి మాత్రం పనికొస్తుంది, అక్కడ చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి.

తరాజు
లెక్కల భయం గురించి చెప్పినదానికి నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. బీబీఏను "లెక్కలు లేని కోర్సు" అని ప్రచారం చేసి సీట్లు నింపడం వల్లే దానికి ఈ చెడ్డపేరు.

కాలేజీకి వెళ్లి చూసేవారికి ఇంకో రెండు విషయాలు. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులు ఏఐసీటీఈ (సాంకేతిక, మేనేజ్‌మెంట్ చదువులకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) పరిధిలోకి వచ్చాయి. అఫిలియేటెడ్ కాలేజీ అయితే ఏఐసీటీఈ పోర్టల్‌లో కాలేజీ పేరు ఒక్కటే చూసి ఆగకండి, బీబీఏ కోర్సు పేరుతో, చేరే సంవత్సరానికి అనుమతి ఉందో లేదో చూడండి. పేరు చివర అనలిటిక్స్ అని ఉంటే ల్యాబ్ టైంటేబుల్ అడగండి. వారానికి ఎన్ని గంటలు, ఏ సాఫ్ట్‌వేర్ మీద, ఎవరు చెప్తున్నారు అని. రిటైల్, లాజిస్టిక్స్ అని ఉండి, చదువుతోపాటు సంస్థలో పని కూడా ఉంటే వారంలో ఎన్ని రోజులు తరగతి, ఎన్ని రోజులు పని, స్టైపెండ్ ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

ఓరుగల్లు_వాకిలి
దానికి తోడు లైబ్రరీల పోయినేడాది ప్రాజెక్టు రిపోర్టులు ఐదు తీసి చూడండ్రి. ఐదింటిల "సూచనలు" అధ్యాయం చదవండ్రి. అన్నిట్ల "కంపెనీ ప్రకటనలు పెంచాలి, ధరలు తగ్గించాలి" అనే ఉంటే ఆ కాలేజీల ఎవరూ రిపోర్టులు చదువుతలేరన్నట్టు. ఒక్క రిపోర్టులనైనా దుకాణం లెక్క, దాని కింద గైడు పెన్నుతోటి దిద్దిన గుర్తు కనబడితే పిల్లలను అక్కడ చేర్పించొచ్చు.