‘గెట్’ అంటే ‘పొందు’ అని ఎవరు చెప్పారు?

ప్రశ్న:
మా పాప ఆరో తరగతి. ‘ఐ గాట్ ఫీవర్’ అన్న వాక్యానికి తెలుగు రాయమంటే ‘నేను జ్వరం పొందాను’ అని రాసింది. ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. అది ఊరుకుంటుందా, డిక్షనరీ తెచ్చి ‘గెట్ – పొందు’ అన్న చోట వేలు పెట్టి చూపించింది. నా దగ్గర జవాబు లేదు. ఇంతకీ ఈ గెట్ ఎక్కడిది? దానికి మన మాట ఏది? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
పాపని ఏమీ అనకండి. ‘మీరు కొత్త సందేశాన్ని పొందారు’ అని ఫోన్లు, ‘50 శాతం తగ్గింపు పొందండి’ అని హోర్డింగులు రోజూ నేర్పుతున్న తెలుగు అదే.

ఇంగ్లీషులో రోజుకి వందసార్లు వాడే ఈ మాట ఇంగ్లాండుకి వలస వచ్చినదే. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లాండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన వైకింగుల (డెన్మార్క్, నార్వేల వైపు నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళ) నోటి మాట ‘గెటా’. 1200 ప్రాంతంలో ఇంగ్లీషు రాతల్లోకి ఎక్కింది. టేక్, దే, ఎగ్, స్కై, విండో కూడా ఆ వలస సామానులోవే. ‘వాళ్ళు’ అనే సర్వనామాన్ని కూడా బయట నుంచి తెచ్చుకున్న భాష అది!

పాత ఇంగ్లీషులో దీనికి దాయాది మాట ఒకటి ముందే ఉండేది. దాన్ని ‘గ’తో కాక ‘య’తో పలికేవారు. ఒంటరిగా అరుదు, ముందు ఇంకో ముక్క తగిలించుకుని తిరిగేది. అలా మిగిలినదే ‘ఫర్గెట్’. గెట్ అంటే మూలంలో పట్టుకోవడం, చేజిక్కించుకోవడం. ముందున్న ‘ఫర్’ ఆ పట్టు తప్పిపోవడాన్ని చెబుతుంది. మతిలోంచి జారిపోయిందంటామే, అదే.

ఇంకో రూపం ‘ఒన్‌యెటన్’. దాని అర్థం గ్రహించడం. అది ఎప్పుడో చచ్చిపోయింది. తర్వాత కొన్ని వందల ఏళ్ళకి ఇంగ్లీషువాళ్ళు ‘ఐ గెట్ ఇట్’ అని మళ్ళీ అదే దారిలోకి వచ్చారు. లాటిన్‌లో దీని చుట్టం నుంచి పుట్టినదే ‘కాంప్రిహెండ్’. ప్రిజన్, అప్రెంటిస్, సర్‌ప్రైజ్ కూడా ఆ ఇంటివే, అన్నింటిలోనూ పట్టుకోవడమే ఉంది. మన ‘గ్రహించు’ వేరే ధాతువుది, కానీ అక్కడా పట్టుకోవడమే. సూర్యుణ్ణి పట్టినా గ్రహణమే, పాఠం పట్టుబడినా గ్రహణమే.

ఇక పాప సంగతి. ఇంగ్లీషువాడు వెళ్ళి పట్టుకుంటాడు. తెలుగువాడు కూర్చున్న చోటికే అన్నీ వస్తాయి. జ్వరం వచ్చింది, కోపం వచ్చింది, ఉత్తరం వచ్చింది, జీతం వచ్చింది, ఫస్ట్ ర్యాంకు వచ్చింది. ‘నేను’ పక్కకి జరిగి ‘నాకు’ అవుతుంది. అందుకని నా ఓటు ‘వచ్చు’కే. పొందు అనేది సన్మానాలకీ డిగ్రీలకీ పనికొచ్చే పెద్దమనిషి మాట, జ్వరానికి దాన్ని పిలవకూడదు.

ఇంకో సభ్యురాలు:
మా వరంగల్ దిక్కు ‘యాదికొస్తలేదు’ అంటం. మీరు ‘గుర్తు రావట్లేదు’ అంటరు. అక్కడ ఫర్గెట్‌ల గెట్ ఉన్నట్టే, మన దగ్గర మరుపుల సుత ‘వచ్చు’ ఉంది చూడుండ్రి!

జవాబు ఇచ్చినవారు:
భలే పట్టుకున్నారమ్మా. ఇది నాకు తట్టలేదు.

మరో సభ్యుడు:
అన్నిటికీ వచ్చు సరిపోదండి. ‘గాట్ బీటెన్’ అంటే దెబ్బలు తిన్నాడు. ‘గాట్ కాట్’ అంటే దొరికిపోయాడు. బస్సుకైతే ఎక్కడం, దిగడం. ఒక్క గెట్‌తో వాళ్ళు నెట్టుకొస్తున్న చోట మనకి నాలుగు మాటలున్నాయి. ఇంకోటి, ‘కలుగు’ని మరిచిపోయారు. ఐస్‌లాండ్ భాషలో ఆ ‘గెటా’ ఇప్పటికీ బతికే ఉంది. ‘చేయగలను’ అనడానికి దాన్నే వాడతారు, బిడ్డను కనడానికీ అదే మాట ఉంది. ఇంగ్లీషు ‘బిగెట్’ కూడా అదే కదా. మనకి సంతానం కలుగుతుంది, చేయగలనులో ఉన్నదీ ఆ కలుగే. చుట్టరికం లేని రెండు భాషలు ఇలా ఒకే గుమ్మంలో కలవడం నాకు ముచ్చటేసింది.

జవాబు ఇచ్చినవారు:
దెబ్బల విషయంలో ఒప్పుకుంటాను. కలుగు జోడీ అద్భుతం. కానీ శక్తి చెప్పడంలో వచ్చు ఏమీ తీసిపోదు, ‘నాకు ఈత వచ్చు’ చూడండి. అనుమతి కావాలా? ‘ఇక వెళ్ళవచ్చు.’

అన్నట్టు, తెలుగులోకి గెట్ ఒంటరిగా రానే లేదు. సినిమావాళ్ళ గెటప్, పాత క్లాస్‌మేట్ల గెట్ టుగెదర్, కోపమొస్తే గెటవుట్. నిద్ర లేవడానికి మాత్రం గెటప్ అనం, అది వేషానికే అంకితం!

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పాపకి చదివి వినిపించాను. అంతా విని ఒక్కటే అడిగింది: ‘మరి ఐ హావ్ గాట్ టు గో అంటే?’ దానికీ వచ్చు ఉందా అండీ?

జవాబు ఇచ్చినవారు:
ఆ వాక్యానికి ‘నేను వెళ్ళాలి’ చాలు. కానీ అది జరిగిపోయాక ఎలా చెబుతుందో అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అడిగాను. ‘వెళ్ళాల్సి వచ్చింది’ అంది. అని, డిక్షనరీలో పొందు పక్కన పెన్సిల్‌తో ‘వచ్చు’ అని రాసుకుంటోంది.